సెకన్లక్క లెక్క

పిల్లల మానసిక వైద్య విభాగంలో రెండో అంతస్తు మొత్తం రీసెర్చ్ వాళ్లది. అక్కడ తలుపులకి బోర్డులెక్కువ. డైరెక్టరు, జాయింట్ డైరెక్టరు, కో-ఆర్డినేటరు, ఆయనకో డిప్యూటీ. వరండా చివర పాత బీరువాల పక్కనున్న ఇరుకు గదికి మాత్రం బోర్డు లేదు. లోపల ఒక టీవీ, ఒక కుర్చీ, ఒక టేబుల్ లైటు, మెడలో స్టాప్‌వాచీ వేసుకున్న ఒక మనిషి. ఆ అంతస్తు మొత్తం తిన్న తిండి ఆ గదిలో ఉడికిందే. ఆవిడని అందరూ సెకన్లక్క అనేవాళ్లు.

ఆ బిల్డింగులో కరెంటు, గాజు, కెమెరాల పని నేను చూసేవాణ్ని. ఏది చెడినా పిలుపు నాకే. అందుకని పని వచ్చినవాళ్లెవరో మాటలొచ్చినవాళ్లెవరో దగ్గర్నుంచి చూశాను. రెండో రకానికి అక్కడ కరువు లేదు.

సెకన్లక్క పదో తరగతి దాకా చదివింది. మొదట ఆటగదిలో బొమ్మలు సర్దే ఆయాగా చేరింది. ఎనిమిదేళ్లు చెక్కముక్కలు ఏరింది, పిల్లల ముక్కులు తుడిచింది, ఏడ్చే తల్లులకి మంచినీళ్లిచ్చింది. ఖాళీ ఉన్నప్పుడు అక్కడ అరలో దుమ్ము పట్టిన ఒక పుస్తకం తీసి చదివేది. పిల్లల ప్రవర్తనని ఎలా లెక్కపెట్టాలో చెప్పే పుస్తకం అది, నూట నాలుగు పేజీలు. ఇంగ్లీషు మాటకి అర్థం తెలియకపోతే ఎవర్నో ఒకర్ని అడిగి అంచున పెన్సిల్‌తో రాసుకునేది. చివరికి ఒకరోజు లెక్కపెట్టే అమ్మాయి పెళ్లి చేసుకుని మానేస్తే, "నేను చేస్తాను సార్" అంది. నవ్వారు. పరీక్షకి ఒక టేపు ఇచ్చారు. పాత లెక్కతో పోల్చి చూస్తే నూటికి తొంభై ఆరు కలిసింది. తేడా వచ్చిన నాలుగూ పాత లెక్కలోని తప్పులే.

పని ఇలా ఉంటుంది. ఆటగదిలో తల్లినీ బిడ్డనీ ఇరవై నిమిషాలు ఉంచుతారు. మూలన పైనుంచి కెమెరా తీస్తుంది. ఆ టేపుని పది పది సెకన్ల ముక్కలుగా చూడాలి. టేపుకి నూట ఇరవై గళ్లు. పిల్ల తల్లిని చూస్తే 'త', బొమ్మనో మరో వస్తువునో చూస్తే 'వ'. తల్లినీ చూడక, బొమ్మనీ చూడక, ఏమీ లేని చోటుకి చూస్తూ ఉండిపోతే 'దూ'. అంటే దూరపు చూపు. ప్రతి టేపునీ ఆవిడ మూడుసార్లు చూసేది, ఒకసారి శబ్దం లేకుండా. ఏ పిల్ల జబ్బుపిల్లో, ఏది బడి నుంచి పోలిక కోసం తెచ్చిన మామూలు పిల్లో ఆవిడకి చెప్పకూడదని రూలు. టేపు మీద తేదీ కూడా కాగితం అంటించి మూసేసి ఇచ్చేవాళ్లు. లెక్కపెట్టే మనిషి పిల్లల్ని కలవకూడదని ఇంకో రూలు. రెండూ మంచి రూళ్లే. ఆ అంతస్తులో వాటిని పాటించింది ఆవిడ ఒక్కతే.

ఆ దూరపు చూపు మీద ఆ విభాగం పదకొండేళ్లు బతికింది.

లెక్కలు తేల్చినప్పుడు జబ్బుపిల్లల్లో 'దూ'లు గుట్టలుగా ఉన్నాయి, బడి పిల్లల్లో దాదాపు లేవు. పెద్దసారు దానికి తన పేరు కలిసొచ్చేట్టు ఒక పేరు పెట్టాడు. పెద్దసారంటే విభాగానికి అధిపతి. పిల్లల మనసుల మీద నూట అరవై పేపర్లు రాసిన మనిషి. వరండాలో నిజం పిల్ల ఎదురొస్తే మాత్రం ఏం మాట్లాడాలో తోచక జేబులో పెన్ను తీసి చేతిలో పెట్టేవాడు. దూరపు చూపు మీద ముగ్గురికి డాక్టరేట్లొచ్చాయి, ఒకడికి వేరే ఊళ్లో ప్రొఫెసరు కుర్చీ వచ్చింది, పెద్దసారుకి మెడలో పతకం పడింది. దూరపు చూపూ నిద్రా, దూరపు చూపూ ఆకలీ, దూరపు చూపూ అన్నదమ్ముల సంఖ్యా... ఒక్క దుప్పటిని ఎన్ని రకాలుగా మడతపెట్టొచ్చో అన్ని రకాలుగానూ మడిచారు. ప్రతి పేపరు మీదా పది పేర్లుండేవి. సెకన్లక్క పేరు ఉండేది కాదు.

ఒక యువకుడు ఉండేవాడు, పోస్టరు బాబు అనేవాళ్లం. కాన్ఫరెన్సులో గోడకి తగిలించే రీసెర్చ్ పోస్టరు వెయ్యడం, విమానం ఎక్కడం, దిగడం, ఇంకో పోస్టరు వెయ్యడం. ఆరేళ్లుగా అతని రీసెర్చ్ అంతా గొట్టంలో చుట్టి భుజాన వేసుకునే తిరిగాడు. మనిషి చెడ్డవాడు కాదు. అక్కా అక్కా అంటూ ఆవిడ గది గుమ్మంలో నిలబడేవాడు.

"అక్కా, ఈ వారానికి ముప్ఫై టేపులు అయిపోతాయా?"

"నువ్వు ఒకటి చూసిపెట్టు, ఇరవై తొమ్మిది నేను చూస్తాను."

"నాకు అంత ఓపిక లేదక్కా. నాది అనాలిసిస్ సైడు."

"అవున్లే బాబూ. వండేవాళ్లు వేరు, వడ్డన గురించి ఉపన్యాసం ఇచ్చేవాళ్లు వేరు."

పంతొమ్మిదేళ్లూ ఆవిడది టెంపరరీ ఉద్యోగమే. ఏటా ఒక కాగితం వచ్చేది, ఇంకో ఏడాది ఉండమని. అది వచ్చేదాకా ఆవిడ సరిగ్గా అన్నం తినేది కాదు. భర్త టైలరు. ఆయనకి కంటిచూపు మందగించి సన్న పని మానేశాడు. ఇంటి భారం అటునుంచి ఇటు వాలుతోంది. అప్పుడే ఐదేళ్లకి సరిపడా డబ్బుతో పెద్ద రీసెర్చ్ సెంటరు ఒకటి ఇస్తామని పైనుంచి కబురొచ్చింది. దూరపు చూపు మీదే. పెద్దసారు ఆవిణ్ని పిలిచి, "సెంటరు వస్తే మొదటి పర్మినెంటు పోస్టు నీదేనమ్మా, కాగితం కూడా టైపు చేయించాను" అన్నాడు. ఆ మాట మాత్రం నిజమే. కాగితం నేనూ చూశాను.

అయితే సెంటరు ఇచ్చేవాళ్లు ఒక షరతు పెట్టారు. కొత్తగా నలభై టేపులు తీయాలి. ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా లెక్కపెట్టాలి. ఇద్దరి లెక్కా నూటికి ఎనభై కలవాలి. ఒకరు సెకన్లక్క. రెండోవాడిగా పోస్టరు బాబుని వేశారు. ఆరేళ్లలో అతను టేపు చూడడం అదే మొదలు.

ముప్ఫై టేపులు తీయడం అయిందో లేదో, ఒక మంగళవారం ఆటగది ఆయా సెలవు పెట్టింది. ఏడేళ్ల పిల్ల, తల్లితో వచ్చింది. సగంలో పాసుకి వెళ్లాలంది. తీసుకెళ్లడానికి మనిషి లేక సెకన్లక్కని పిలిచారు. పదకొండేళ్లలో ఆవిడ రూలు తప్పింది అప్పుడే. చేతులు కడిగించి వెనక్కి తీసుకొస్తుంటే ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"నేను లోపలికి రాను."

"ఏం తల్లీ, బొమ్మలు బాలేవా?"

"అద్దంలో వాళ్లున్నారు."

"ఎవరు?"

"మొహాలు. నీలంగా ఉంటాయి. కింద నుంచి వెలుగు."

"ఏం చేస్తున్నారు?"

"ఏం చెయ్యట్లేదు. నన్ను చూడను కూడా చూడరు. కిందకి చూసుకుంటారు." లోపలున్న తల్లిని చూపించి, "అమ్మకి కనపడరు. అమ్మ అటు తిరిగి కూర్చుంటుంది" అంది.

ఆవిడ పిల్లని తల్లి దగ్గర కూర్చోబెట్టి తిన్నగా నా దగ్గరికొచ్చింది. ఫ్యాను విప్పి ముందేసుకుని ఉన్నాను.

"అన్నా, ఆ అద్దం సంగతి ఒకసారి చెప్పు."

ఆటగదికి ఒక గోడ అంతా అద్దం. అవతల చిన్న చీకటిగది. అక్కడ కూర్చున్నవాళ్లకి ఆటగది కనిపిస్తుంది, ఇటువాళ్లకి తమ మొహమే కనిపిస్తుంది. అందులో మంత్రమేమీ లేదు. గాజు మీద పల్చటి పూత, అంతే. వెలుతురు ఎటు ఎక్కువుంటే అటు అద్దం, ఎటు తక్కువుంటే అటు కిటికీ. అందుకే అవతలి గదికి గోడలకీ పైకప్పుకీ నల్లరంగు వేశాను, లైటు వెయ్యరాదని కాగితం అంటించాను. ఆ కాగితాన్ని ఎవరూ ధిక్కరించలేదు. ఒక్కరోజు కూడా లైటు వెయ్యలేదు. తలా ఒక లైటు జేబులో తెచ్చుకున్నారు.

వెళ్లి చూశాం. చీకటిగదిలో ఏడుగురు కూర్చుని ఉన్నారు. ముగ్గురు రీసెర్చ్ స్కాలర్లు, ఎవరో ఇద్దరు అతిథులు, పోస్టరు బాబు, డిప్యూటీ. ఏడుగురూ తలవంచి ఫోన్లు చూసుకుంటున్నారు. ఏడు నీలం మొహాలు. తన పేపర్ని ఎంతమంది ఉదహరించారో లెక్క చూసుకుంటున్నానని పోస్టరు బాబు తర్వాత నాతో చెప్పాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, గాజు వెనకున్నాం కాబట్టి లేనట్టేనని వాళ్ల ధీమా. గాజుకి ఇవతల ఒక పిల్ల, తనని చూడ్డానికి వచ్చి చూడని ఏడుగురిని చూస్తూ కూర్చుంది. దాన్ని ఆ పిల్ల జబ్బు అన్నారు.

"మరి బడి పిల్లలకి ఎందుకు కనపడలేదు?" అన్నాను.

"రిజిస్టరు చూస్తే తెలుస్తుంది" అంది ఆవిడ. గేటు దగ్గర తాళాల రిజిస్టరు ఉంటుంది, చీకటిగది తాళం ఎవరు ఏ రోజు తీసుకున్నారో రాసేది. మూసేసిన తేదీలు తనకి తెలియకూడదు కాబట్టి, ఉన్న ముప్ఫై టేపులూ మొదట లెక్కపెట్టి, కాగితాల మీద సంతకం పెట్టి, కవర్లో అతికించి, అప్పుడు తీసింది ఆ రిజిస్టరు. అంత కోపంలోనూ ఆవిడ పని క్రమం తప్పలేదు. రిజిస్టర్లో ఉన్నది రెండు ముక్కల్లో చెప్పొచ్చు. జబ్బుపిల్లలు వచ్చేది ఆసుపత్రి రోజుల్లో, మంగళవారం, శుక్రవారం. ఆ రోజుల్లో చీకటిగది నిండుగా ఉంటుంది, రీసెర్చ్ చేస్తున్నట్టు కనపడాలి కదా. బడి పిల్లలు వచ్చేది బడి లేని శనివారం. శనివారం ఆ అంతస్తులో పురుగు కూడా ఉండదు.

ఆవిడ రిజిస్టరు మూసింది.

"తప్పు నాది కూడా ఉందన్నా."

"నీదేముంది?"

"పుస్తకంలో ఉంది. పద్నాలుగో పేజీ. పిల్ల చూసేచోట చూడదగ్గదేదైనా ఉంటే దాన్ని దూరపు చూపుగా లెక్కపెట్టకూడదు, లెక్కపెట్టే మనిషి తానే పిల్ల కుర్చీలో కూర్చుని చూసుకోవాలి అని. నేను కూర్చున్నాను. కానీ శనివారం కూర్చున్నాను."

ఆ పుస్తకం రాసింది ఎవరో కాదు, పెద్దసారే. ముప్ఫై ఏళ్ల కిందట, పతకాలూ విమానాలూ లేని రోజుల్లో. నేల మీద కూర్చుని పిల్లలతో చెక్కముక్కలు పేర్చిన మనిషి మాత్రమే రాయగల పుస్తకమది. అప్పట్లో ఆయనకి పని వచ్చు. ఆ తర్వాత ఆయన పైకొచ్చాడు.

ఇక మిగిలిన పది టేపులు. సెకన్లక్క నన్ను టీవీ వెలుగు బాగా పెంచమంది. పెంచితే కెమెరాకి ఏటవాలుగా కనిపించే అద్దంలో మసకగా నీలం మచ్చలు కనిపించాయి. ఎక్కడ పిల్ల అటు చూస్తోందో అక్కడల్లా మచ్చ ఉంది. ముప్ఫై టేపుల కాగితాలున్న కవరు కూడా ఆవిడ విప్పించి, ఆ టేపుల్ని పద్నాలుగో పేజీ ప్రకారం మళ్లీ లెక్కపెట్టింది. పాత కాగితాలు చింపలేదు, వాటి వెనకే కొత్తవి గుచ్చింది. 'దూ' ఉన్న గడులన్నీ 'వ' అయ్యాయి. పక్కన వస్తువు పేరు రాయాలి కదా, రాసింది. అద్దంలో మొహం. అద్దంలో మొహం. అద్దంలో రెండు మొహాలు. నలభై టేపుల్లో నాలుగు వందల పన్నెండుసార్లు.

ఇంట్లో భర్తతో చెప్పింది. ఆ సంభాషణ ఆవిడే తర్వాత నాకు చెప్పింది, నవ్వుతూ.

"ఏమయ్యా, ఈ లెక్క ఇస్తే పోస్టు పోతుంది."

"ఇవ్వకపోతే?"

"వస్తుంది."

"మరి నన్నెందుకు అడుగుతున్నావు? నేను చొక్కా కొలత తీసుకుంటే పొట్ట నలభై వచ్చిందనుకో, ఆయన ముప్ఫై ఆరు రాయమంటే రాస్తాను. తర్వాత గుండీలు ఎగిరి నా మొహాన్నే పడతాయి."

"అంటే రాసేవాడివా?"

"రాశాను ఒకసారి. పెళ్లిచొక్కా. పందిట్లోనే పిగిలింది. నలభై ఏళ్లయింది, ఇప్పటికీ ఆ వీధిలోకి వెళ్లను."

లెక్క ఇచ్చేసింది. ఇద్దరి లెక్కా పోల్చి చూస్తే కలిసింది నూటికి ముప్ఫై ఒకటే. పోస్టరు బాబు ఎక్కడ పడితే అక్కడ 'దూ' పెట్టాడు, తల్లి ఒడిలో నిద్రపోయిన పిల్లకి కూడా.

పెద్దసారు ఆవిణ్ని గదికి పిలిచాడు. నన్నూ రమ్మన్నారు, గాజు సంగతి కాబట్టి. ఇంకొక మనిషి ఉంది అక్కడ, కొత్త డాక్టరమ్మ. రెండేళ్ల కిందట చేరింది. తెలివైన పిల్ల. సెంటరు వస్తే ఆమె కూడా నిలదొక్కుకుంటుంది, రాకపోతే ఇంకో ఊరు చూసుకోవాలి.

"ఏమ్మా ఇది?" అన్నాడు పెద్దసారు. "అద్దంలో మొహాలేంటి? కథలు రాస్తున్నావా?"

"మీ పుస్తకమే సార్. పద్నాలుగో పేజీ, ఆరో రూలు."

"నా పుస్తకంలో ఏముందో నాకు తెలుసు."

"తెలిస్తే మంచిదే సార్."

ఆయన నా వైపు తిరిగాడు. "ఆ గాజు నువ్వే కదా పెట్టింది? అటునుంచి ఇటు కనపడదని చెప్పావా లేదా?"

"అటు చీకటిగా ఉంటే కనపడదని చెప్పాను సార్."

"చీకటిగానే ఉంటుంది కదయ్యా."

"గది చీకటిగానే ఉంటుంది సార్. మనుషులే వెలుగుతుంటారు."

కొత్త డాక్టరమ్మ దగ్గింది. సెకన్లక్క అంది: "సార్, ఒక్కసారి కిందికొచ్చి ఆ కుర్చీలో కూర్చోండి. రెండు నిమిషాలు. కనపడకపోతే నా లెక్కంతా నేనే కొట్టేస్తాను."

వెళ్లాం. పోస్టరు బాబుని చీకటిగదిలో కూర్చోమన్నాం, ఎప్పుడూ కూర్చున్నట్టే కూర్చోమని. పెద్దసారు ఆటగది మధ్యలో నిలబడి ఆ పిల్లల కుర్చీని చూశాడు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, మోకాలి ఎత్తు కూడా ఉండదు. చుట్టూ చూశాడు. "నాకు నడుం నొప్పి" అన్నాడు. నిలబడే అద్దంలో తన టై సర్దుకుని, "నాకేం కనపడలేదు" అన్నాడు. అంత ఎత్తులో నిలబడినవాడికి నెత్తిమీది ట్యూబులైటే అద్దంలో తిరిగి కొడుతుంది. నిజంగానే కనపడి ఉండదు.

కొత్త డాక్టరమ్మ కూర్చుంది. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. అద్దం వైపు చూసింది. గడిలో పెట్టాలంటే రెండు గళ్లంత సేపు చూసింది. అవతల పోస్టరు బాబు తలవంచుకుని బొటనవేలితో పైకి తోస్తూ ఏదో చూసి నవ్వుకుంటున్నాడు.

లేచి చీర సర్దుకుని, "సార్, ఇది చాలా ఆసక్తికరమైన ప్రశ్న" అంది.

ఆ మాట విన్నప్పుడే నాకు తెలిసింది, ఈ వ్యవహారంలో ఎవరికో పేపరు రాబోతోందని.

నెల తిరక్కుండా వచ్చింది. పరిశీలకుల వల్ల పిల్లల చూపు ఎలా మారుతుంది అనే విషయం మీద. మొదటి పేరు కొత్త డాక్టరమ్మది, చివరి పేరు పెద్దసారుది, మధ్యలో పోస్టరు బాబు. సెంటరు ఇచ్చేవాళ్లు మురిసిపోయారు. తమ తప్పు తామే పట్టుకున్న విభాగం ఎంత గొప్పది అన్నారు. ఐదేళ్ల సెంటరు ఇచ్చేశారు. పెద్దసారు శాస్త్రంలో నిజాయితీ అనే అంశం మీద మూడు ఊళ్లలో మాట్లాడాడు. దూరపు చూపు ఉన్నందుకు పదకొండేళ్లు తిన్నారు, లేనందుకు ఇంకో ఐదేళ్లు తింటారు. చేపని పొలుసుతో సహా అమ్ముకోవడమంటే అదీ.

కొత్త డాక్టరమ్మ ఒక మంచి పని చేసింది, చెప్పుకోవాలి. పాత ఫైళ్లన్నీ తీయించి దూరపు చూపు తీవ్రం అని రాసినచోటల్లా తనే కొట్టేసి, తల్లులకి ఫోన్లు చేసింది. ఆ ఏడేళ్ల పిల్లని బడి మానిపించాలని రాసి ఉంది, అదీ ఆగింది. దానికి పేపరు రాదు కాబట్టి ఎవరికీ తెలియదు.

అయితే అంతకుముందే, పేపరు అచ్చుకి పోవాలంటే లెక్కపెట్టిన మనిషి సంతకం కావాల్సొచ్చింది. లెక్కంతా సెకన్లక్కదే మరి. పెద్దసారు ఒక ఫైలు ఆవిడ ముందు పెట్టాడు. అందులో రెండు కాగితాలు. ఒకటి సంతకం పెట్టాల్సింది. రెండోది ఆవిడ పర్మినెంటు ఆర్డరు, పెద్దసారు సంతకంతో సహా, తేదీ ఒక్కటే ఖాళీ.

ఆవిడ మొదటి కాగితం చదివింది. మెల్లగా చదివే మనిషి. ఆయన పెన్ను క్లిక్కులు నొక్కుతూ కూర్చున్నాడు.

"సార్, ఈ వాక్యం. గాజు అమరికలోని సాంకేతిక లోపం వల్ల పరిశీలకులు కనిపించి ఉండవచ్చు."

"ఆఁ. జర్నల్ భాష అది."

"గాజులో లోపం లేదు సార్."

"ఏదో ఒక కారణం రాయాలి కదమ్మా. ఎవరినీ నొప్పించకుండా."

"గాజు పెట్టినాయన నొచ్చుకోడా?"

"ఆయన జర్నల్ చదవడు."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నాకిది ఆవిడ చెబితేనే తెలిసింది. నిజమే, నేను జర్నల్ చదవను. నా గాజుకి మాత్రం పదకొండేళ్లలో ఒక గీత కూడా పడలేదు.

"మరి లోపం ఎవరిదని రాయమంటావు?" అన్నాడు ఆయన, అలసటగా.

"చూడ్డానికి కూర్చుని చూడనివాళ్లది సార్. అది జర్నల్ భాషలో ఎలా రాస్తారో మీకే తెలియాలి."

ఆవిడ పెన్ను తీసుకుంది. ఆ వాక్యం మీద అడ్డగీత గీసింది, పక్కన 'పరిశీలకుల ఫోన్లు, 412సార్లు' అని రాసి, దాని కింద సంతకం పెట్టి ఇచ్చింది. రెండో కాగితం ముట్టుకోలేదు.

"ఒక్క వాక్యానికి ఇంత పట్టుదలా? పంతొమ్మిదేళ్లు ఎదురుచూశావు."

"వాక్యం కాదు సార్, అది లెక్క. పదకొండేళ్లుగా నేను చేసింది అదొక్కటే."

పేపరు సాంకేతిక లోపంతోనే అచ్చయింది. సంతకం పోస్టరు బాబు పెట్టాడు. పర్మినెంటు పోస్టు కూడా అతనికే వచ్చింది. అతనొచ్చి ఆవిడ ముందు దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. "అక్కా, నేను అడగలేదక్కా" అన్నాడు. "తెలుసు బాబూ. నువ్వెప్పుడూ ఏదీ అడగలేదు, అదే నీ ఇబ్బంది" అంది. ఆ ఏడు ఆవిడకి ఇంకో ఏడాది ఉండమనే కాగితం రాలేదు.

ఇప్పుడు ఆవిడ భర్త కొట్లో కూర్చుంటుంది. కాజాలు కుడుతుంది, గుండీలు వేస్తుంది. ఆయనకి కనిపించని సూది ఆవిడకి కనిపిస్తుంది. బేరాలకొచ్చినవాళ్లు పని చూసి నోరు మూసుకుంటారు.

సెంటరుకి కొత్త భవనం కట్టారు. బోర్డులు రెట్టింపయ్యాయి. అద్దం గదులు మూడు. టేపులు వందలుగా పడుతున్నాయి. లెక్కపెట్టడం ఎలాగో తెలిసిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు. పోస్టరు బాబు కింద నలుగురు అమ్మాయిల్ని వేశారు. వాళ్ల లెక్కలు ఒకరితో ఒకరివి కలవవు. చివరికి అందులో ఒకమ్మాయి పద్నాలుగో పేజీ అంచున పెన్సిల్ రాతలు చూసి, అవెవరివని నన్నడిగింది. కొట్టు ఎక్కడో చెప్పాను.

ఆదివారం నలుగురూ వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను, టీవీ బిగించాలి కదా. గుడ్డలు కత్తిరించే బల్ల మీద టీవీ పెట్టాం. టైలరు తన స్టూళ్లన్నీ వాళ్లకిచ్చి తాను గుమ్మంలో కూర్చున్నాడు. సెకన్లక్క మొదటి టేపు పెట్టబోతుంటే వాళ్లలో చురుకైన పిల్ల ఒకతె నోరాపుకోలేక అంది:

"ఆంటీ, మీ దగ్గరికి వెళ్తున్నామని పెద్దసారుకి చెప్పాం. ఆయన మీ గురించి చెప్పారు."

"ఏమన్నారు?"

"చాలా మంచి మనిషి, కష్టపడుతుంది, కానీ రీసెర్చ్ బుర్ర లేదు అన్నారు."

గుమ్మంలోంచి టైలరు వెనక్కి తిరిగి చూశాడు. మిగతా ముగ్గురూ ఆ పిల్లని కళ్లతోనే గిచ్చారు.

"నిజమేనమ్మా" అంది సెకన్లక్క, శబ్దం తీసేస్తూ. "ఇప్పుడు ఈ పది సెకన్లు చూసి, ఆ పిల్లాడు ఎటు చూశాడో చెప్పు. ఎందుకు చూశాడో నేను అడగలేదు."